ఉచిత ఆన్‌లైన్ టూల్స్ ఇన్ని ఉన్నాయి, క్లాసులో దేంతో మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదండీ. హైస్కూల్ పిల్లలకి లెక్కలు, సైన్సు చెప్తున్నారు, ఉద్యోగంలో కొత్త, ట్రైనింగులో ఉచితంగా దొరికే టూల్స్ లిస్టు ఒకటి చేతిలో పెట్టారు, అది చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. పిల్లలందరి దగ్గరా ఫోన్లు లేవు, నెట్ ఉంటే ఉంటుంది లేకపోతే లేదు. పైగా ఫ్రీ అంటే నిజంగా ఫ్రీయేనా అని అనుమానం.

సూటిగా చెప్పేస్తాను. ఈ ఏడాదికి రెండు రకాలు చాలు: అడగడానికి ఒకటి, చూపించడానికి ఒకటి. అడగడానికి ప్లికర్స్ (పిల్లల జవాబులు కాగితం కార్డులతో తెలుసుకునే యాప్) పెట్టుకోండి, చూపించడానికి సైన్సుకైతే ఫెట్ (ప్రయోగాలు తెరమీద చేసి చూసే సైటు), లెక్కలకైతే జియోజీబ్రా (బొమ్మలు, గ్రాఫులు గీసి కదిలించే టూల్). హోంవర్క్ దగ్గర గూగుల్ ఫామ్స్ (ఆన్‌లైన్‌లో ప్రశ్నలిచ్చి జవాబులు తీసుకునేది) కొంచెం పనికొస్తుంది. మిగతా లిస్టు మడిచి పక్కన పెట్టండి, వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

ఎందుకు ఇంత తక్కువ అంటున్నానో చెప్తాను. పాఠం వివరించడానికి నల్లబల్ల, సుద్దముక్క ఇప్పటికీ బాగానే పనిచేస్తాయి, వాటి బదులు స్లైడ్స్ పెట్టినంత మాత్రాన పిల్లలకి కొత్తగా అర్థమయ్యేది ఏమీ ఉండదు. నల్లబల్ల చెయ్యలేని పని ఒకటుంది, క్లాసులో ఉన్న ప్రతి పిల్లాడు ఈ నిమిషంలో ఏమనుకుంటున్నాడో మనకి చూపించడం. "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "అర్థమైంది" అంటుంది, ఎప్పుడూ చెయ్యెత్తే నలుగురే మళ్ళీ చెయ్యెత్తుతారు, మనం ఆ నలుగురినీ చూసి ముందుకెళ్ళిపోతాం. వెనక బెంచీల్లో ఎవరు ఎక్కడ ఆగిపోయారో పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గానీ తెలీదు, అప్పటికి ఆ చాప్టర్ అయిపోయి ఉంటుంది. టూల్ అనేది ఈ ఖాళీని పూడిస్తేనే దానికోసం టైము పెట్టాలి, లేకపోతే అక్కర్లేదు. నేను ఏ కొత్తది చూసినా ముందు అడిగేది ఇదే, దీనివల్ల పిల్లల ఆలోచన నాకు కనబడుతుందా, లేదా పిల్లలకి కనబడనిది ఏదైనా కనబడుతుందా. రెండూ కాకపోతే వదిలేస్తాను.

ప్లికర్స్ ఎందుకంటే ఒక్క ఫోన్ చాలు, అదీ మీదే. పిల్లల చేతిలో ఉండేది కాగితం కార్డు. దానిమీద క్యూఆర్ కోడ్ లాంటి నలుపు తెలుపు బొమ్మ ఉంటుంది, నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో ఎ, బి, సి, డి అని ఉంటాయి. తను అనుకున్న జవాబు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటారు, మీరు ముందు నిలబడి ఫోన్ కెమెరా ఆ చివర నుంచి ఈ చివరకి నెమ్మదిగా తిప్పితే ఎవరు ఏం పెట్టారో ఫోన్‌లో వచ్చేస్తుంది. ఒక్కో కార్డు బొమ్మ ఒక్కోలా ఉంటుంది కాబట్టి పక్కవాడి కార్డు చూసి కాపీ కొట్టడం కష్టం, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా ధైర్యంగా జవాబు పెడతారు. నాకు దీంట్లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

చిన్న చిన్న విషయాలు కొన్ని. కార్డులు మందపాటి కాగితం మీద ప్రింట్ తీయించండి గానీ మెరిసే లామినేషన్ చేయించకండి, లైటు పడి తళతళలాడితే కెమెరా చదవలేదు. పిల్లలు కార్డు మధ్యలో వేళ్ళు పెట్టి పట్టుకుంటారు, బొమ్మ కప్పబడిపోతుంది, అంచులు పట్టుకోమని మొదటి రోజే చేసి చూపించండి. కార్డు నంబరు రోల్ నంబరు ఒకటే అయితే మీకు సులువు. కార్డులు ఇంటికి ఇవ్వకండి, క్లాసు అవ్వగానే తీసేసుకోండి, లేకపోతే తర్వాతి వారానికి సగం కూడా మిగలవు.

ఇప్పుడు అసలు విషయం. కార్డులు ఎత్తించడం పెద్ద పని కాదు, ఆ జవాబులు చూశాక ఏం చేస్తారన్నదే ముఖ్యం. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఒక పద్ధతి నడిపించారు, పీర్ ఇన్‌స్ట్రక్షన్ అంటారు. ఒక ప్రశ్న ఇచ్చి ముందు ఎవరితోనూ మాట్లాడకుండా ఓటు వేయమంటారు. 30 శాతం కంటే తక్కువమందికి సరైన జవాబు వస్తే ఆ విషయం మళ్ళీ చెప్పాలి. 70 శాతం దాటితే రెండు ముక్కల్లో వివరించి ముందుకెళ్ళొచ్చు. మధ్యలో ఉంటే మాత్రం బంగారంలాంటి అవకాశం, నీకంటే వేరే జవాబు పెట్టినవాళ్ళని పట్టుకుని ఎందుకో చెప్పి ఒప్పించు అని రెండు మూడు నిమిషాలు వదిలేసి మళ్ళీ ఓటు వేయించాలి. మనం చెప్తే తలకెక్కనిది పక్కనున్న స్నేహితుడు చెప్తే ఎక్కుతుంది, ఎందుకంటే వాడు ఆ చిక్కు నిన్నో మొన్నో దాటినవాడు, ఎక్కడ తడబడతారో వాడికి గుర్తుంటుంది. మొదటి ఓటు ఫలితం మాత్రం స్క్రీన్ మీద చూపించకండి. చూపిస్తే అందరూ ఎక్కువమంది ఉన్న వైపుకి జరిగిపోతారు, ఇక చర్చ ఉండదు.

దీనికి ప్రశ్న బాగా రాయాలి, మీ టైము ఎక్కువ పెట్టాల్సింది ఇక్కడే. తప్పు ఆప్షన్లు ఊరికే నింపకూడదు, పిల్లలు నిజంగా చేసే తప్పుల్లోంచి తియ్యాలి. ఉదాహరణకి 1/3 + 1/4 ఎంత అని అడిగి 2/7, 1/7, 2/12, 7/12 అని ఇచ్చామనుకోండి. 2/7 పెట్టినవాళ్ళు పైవి పైన, కిందివి కింద కూడేశారు. 2/12 పెట్టినవాళ్ళకి హారం 12 చెయ్యాలని తెలుసు, లవాలు మార్చాలని తెలీదు, అంటే సగం దారి వచ్చారు. 1/7 పెట్టినవాళ్ళు కింద మాత్రమే కూడారు. ముగ్గురికీ చెప్పాల్సింది వేరువేరు. "తప్పు, మళ్ళీ చెయ్యి" అంటే ముగ్గురికీ ఏమీ చెప్పనట్టే. పాత పరీక్ష పేపర్లు దిద్దుతున్నప్పుడు కనబడే తప్పులు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి, ఆప్షన్లన్నీ అందులోంచే వస్తాయి. చాట్‌బాట్‌ని అడిగినా ప్రశ్నలు రాసిస్తుంది గానీ ప్రతి ప్రశ్నా మీరు స్వయంగా చేసి చూడకుండా క్లాసుకి తీసుకెళ్ళకండి, రెండు ఆప్షన్లు సరైనవి అయిపోవడం, అసలు సరైన జవాబే లేకపోవడం జరుగుతుంటుంది.

ఇక చూపించే టూల్స్ సంగతి. ఫెట్ అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీ వాళ్ళది, ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చిన కార్ల్ వైమన్ 2002లో మొదలుపెట్టారు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, లెక్కలకి సిమ్యులేషన్లు, అంటే తెరమీద మనమే మార్చి చూసుకునే నమూనా ప్రయోగాలు ఉన్నాయి, వాడుకోడానికి పిల్లలకి అకౌంట్ కూడా అక్కర్లేదు. కానీ చాలామంది దీన్ని సినిమాలా చూపించేస్తారు, ప్రొజెక్టర్ పెట్టి "చూడండి ఎంత బాగుందో" అంటారు, పిల్లలు చూస్తారు, బెల్ కొడతారు, అయిపోయింది. నేను చేసే పద్ధతి ఒకటి వివరంగా చెప్తాను.

కరెంటు పాఠంలో సర్క్యూట్ కట్టుకునే సిమ్యులేషన్ ఉంది. ఒక బ్యాటరీ, వరసగా రెండు ఒకేరకం బల్బులు, అంటే సిరీస్‌లో. స్విచ్ వేసే ముందు ఆపి అడుగుతాను, ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది? మొదటిదా, రెండోదా, రెండూ సమానమా? జవాబు పుస్తకంలో రాసి కారణం కూడా రాయాలి, రాయనిదే స్విచ్ వెయ్యను. ప్రతి బ్యాచ్‌లోనూ చాలామంది మొదటి బల్బే ఎక్కువ అంటారు, ఎందుకంటే కరెంటుని మొదటి బల్బు కొంత వాడేసుకుంటుంది, మిగిలిందే రెండోదానికి వెళ్తుంది అని వాళ్ళ లెక్క. తెలివైన పిల్లలు కూడా ఇలాగే అనుకుంటారు, ఓమ్ సూత్రం గడగడా అప్పజెప్పేవాళ్ళు కూడా. ఇప్పుడు స్విచ్ వేస్తే రెండూ ఒకేలా వెలుగుతాయి. నమ్మరు. అప్పుడు కరెంటు కొలిచే అమ్మీటర్ మొదటి బల్బుకి ముందు పెట్టి, రెండిటి మధ్య పెట్టి, రెండో బల్బు తర్వాత పెట్టి చూపిస్తాను, మూడు చోట్లా అదే అంకె. క్లాసులో ఒక గోల మొదలవుతుంది, "మరి బల్బు ఏం తీసుకుంటోంది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న పిల్లల నోట్లోంచి వచ్చాక ఎనర్జీ గురించి చెప్తే చెవులు రిక్కించి వింటారు, అదే ముందే చెప్పి ఉంటే నోట్సులోకి వెళ్ళేది అంతే. ఊహించి రాయడం, చూడడం, వివరించడం, ఈ వరస తప్పకుండా పాటించండి. స్విచ్ ముందే వేసేస్తే "నేనూ అదే అనుకున్నా" అంటారు అందరూ.

అదే సిమ్యులేషన్‌లో ఇంకో జాగ్రత్త. వైర్లలో ఎలక్ట్రాన్లు గుండ్లలా చకచకా కదులుతూ కనబడతాయి. నిజంగా మామూలు వైర్లో ఎలక్ట్రాన్లు ముందుకి జరిగే వేగం చాలా తక్కువ, సెకనుకి మిల్లీమీటరు కూడా ఉండదు. మన కంటికి తెలియడానికి అలా గీశారు అని నోటితో చెప్పండి, లేకపోతే ఆ బొమ్మే నిజమనుకుంటారు. చెప్పగానే "మరి స్విచ్ వెయ్యగానే లైటు ఎలా వెలుగుతుంది?" అంటారు, వైరు మొత్తం ముందు నుంచే ఎలక్ట్రాన్లతో నిండి ఉంది, తోపుడు అన్ని చోట్లా ఇంచుమించు ఒక్కసారే మొదలవుతుంది, బ్యాటరీ దగ్గరున్న ఎలక్ట్రాన్ బల్బు దాకా ప్రయాణం చేసి రానక్కర్లేదు అని చెప్పొచ్చు.

ఇంకా ఒక మాట, బ్యాటరీ, వైర్లు, బల్బులు దొరికితే నిజం సర్క్యూట్ తప్పకుండా కట్టించండి, సిమ్యులేషన్ దానికి బదులు కాదు. కాకపోతే చేతిలో ఉన్న రెండు బల్బులు అచ్చం ఒకేరకం కాకపోతే వెలుగులో తేడా వస్తుంది, అది చూసి పిల్లల తప్పు ఊహే గట్టిపడుతుంది. అలా తేడా వస్తే బల్బులు అటుదిటు ఇటుదటు మార్చి చూపించండి, ఎక్కువ వెలిగే బల్బు ఎక్కడ పెట్టినా ఎక్కువే వెలుగుతుంది, అంటే తేడా చోటు వల్ల కాదు, బల్బు వల్ల. ఆ తర్వాత సిమ్యులేషన్‌కి వెళ్తే అతుకుతుంది.

లెక్కలకి జియోజీబ్రా. ఆస్ట్రియాలో మార్కుస్ హోహెన్‌వార్టర్ సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో చదువుకుంటూ 2001లో మొదలుపెట్టింది ఇది, చదువు చెప్పుకోడానికి ఉచితం. దీంట్లో అసలు శక్తి అంతా బిందువు పట్టుకుని లాగడంలో ఉంది. ఏదో ఒక చతుర్భుజం గీసి, నాలుగు భుజాల మధ్యబిందువులు కలపండి. లోపల సమాంతర చతుర్భుజం వస్తుంది. ఇప్పుడు ఒక పిల్లని పిలిచి "ఏ మూల అయినా లాగు, లోపలిది సమాంతర చతుర్భుజం కాకుండా పాడుచేసి చూపించు" అనండి. క్లాసంతా లేచి నిలబడి అటు లాగు ఇటు లాగు అని సలహాలిస్తారు, లోపలికి నొక్కుకుపోయిన ఆకారం చేసినా పాడవ్వదు. ఎందుకు పాడవ్వట్లేదు అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది, ఒక కర్ణం గీసి మధ్యబిందువుల సిద్ధాంతం (త్రిభుజంలో రెండు భుజాల మధ్యబిందువులు కలిపే గీత మూడో భుజానికి సమాంతరం, అందులో సగం) గుర్తుచేస్తే వాళ్ళే నిరూపణ దాకా వస్తారు. లాగి చూడడం నిరూపణ కాదని మాత్రం గట్టిగా చెప్పండి, ఎన్నిసార్లు లాగినా అన్ని చతుర్భుజాలూ చూసినట్టు కాదు కదా, నల్లబల్ల మీద రుజువు రాయాల్సిందే.

పై తరగతులకి చెప్తుంటే ఇంకోటి. వర్గ సమీకరణం గ్రాఫ్‌లో ఏ, బీ, సీ లకి స్లైడర్లు, అంటే జరిపితే విలువ మారే మీటలు పెట్టండి. ఏ మారిస్తే పరావలయం ఇరుకవుతుంది లేదా వెడల్పవుతుంది, సీ మారిస్తే పైకీ కిందకీ జరుగుతుంది, ఇవి పిల్లలు ముందే చెప్పేస్తారు. బీ మారిస్తే ఏమవుతుంది? పక్కకి జరుగుతుంది అంటారు. శీర్షానికి (పరావలయం మలుపు తిరిగే బిందువుకి) ట్రేస్ ఆన్ చేసి, అంటే అది నడిచిన దారి గుర్తు మిగిలేలా పెట్టి, బీ స్లైడర్ కదిలిస్తే శీర్షం నడిచిన దారి కూడా ఇంకో పరావలయమే, అదీ తలకిందులుగా! ఎందుకలా అన్నది ఆ వయసు పిల్లలే కాగితం మీద సాధించగలరు, శీర్షం నిరూపకాలు తెలిస్తే చాలు. నల్లబల్ల మీద ఇది చూపించాలంటే పీరియడ్ సరిపోదు.

నెట్ లేకపోతే ఎలా అన్నారు. నెట్ ఉంటుందని నమ్మి క్లాసుకి వెళ్ళకండి. ఫెట్‌లో చాలా సిమ్యులేషన్లు ఫైలుగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, బ్రౌజర్లో నెట్ లేకుండా తెరుచుకుంటాయి. జియోజీబ్రా కూడా ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్ అడగదు. కివిక్స్ అని ఇంకోటి ఉంది, వికీపీడియా మొత్తాన్ని ఫోన్‌లోనో కంప్యూటర్లోనో దింపుకుని నెట్ లేకుండా చదువుకోవచ్చు. అన్నీ ఇంట్లో దింపుకుని, ముందురోజు రాత్రి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఒకసారి నడిపి చూడండి, అందులో నడిచిందే క్లాసులో నడుస్తుందని లెక్క. ప్రొజెక్టర్ లేకపోయినా ఫర్లేదు, ఒక ల్యాప్‌టాప్ చుట్టూ ఆరేడుగురు చేరి వంతులవారీగా చేస్తుంటే, మిగతావాళ్ళు పుస్తకంలో ఊహలు రాస్తుంటే పీరియడ్ బాగానే నడుస్తుంది.

గూగుల్ ఫామ్స్ గురించి క్లుప్తంగా. క్విజ్‌గా మార్చుకుంటే తనే దిద్దుతుంది, ఇది అందరికీ తెలుసు. తక్కువమంది వాడేది సెక్షన్ల సదుపాయం, ఏ ఆప్షన్ పెడితే ఏ సెక్షన్‌కి వెళ్ళాలో మనం చెప్పొచ్చు. పైన చెప్పిన భిన్నాల ప్రశ్నలో 2/7 పెట్టిన పిల్లని ఒక చిన్న బొమ్మ, రెండు వాక్యాల వివరణ ఉన్న సెక్షన్‌కి పంపి, అక్కడ ఇంకో తేలిక ప్రశ్న ఇచ్చి వెనక్కి తేవచ్చు. చేసుకోడానికి టైము పడుతుంది కానీ ఒకసారి చేస్తే ఏళ్ళ తరబడి పనికొస్తుంది. ఇంట్లో ఫోన్ లేని పిల్లలకి అవే ప్రశ్నలు కాగితం మీద ఇవ్వండి, ఫామ్‌కి మార్కులు పెట్టకండి, లేకపోతే ఫోన్ ఉన్నవాళ్ళకి మార్కులు ఇచ్చినట్టవుతుంది. ఫలితాలు చూసేటప్పుడు ఎవరికెన్ని అని కాకుండా ఏ ప్రశ్న దగ్గర ఎక్కువమంది బోల్తాపడ్డారో చూడండి, మర్నాడు క్లాసు అక్కడ నుంచే మొదలుపెట్టొచ్చు.

క్విజ్ అంటే అప్పుడే చెప్పిన పాఠం మీదే పెట్టకండి, పాతవి కలపండి. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు 2006లో చేసిన ప్రయోగం ఉంది, కొందరు విద్యార్థులు చదివింది మళ్ళీ చదివారు, కొందరు చూడకుండా గుర్తుతెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత అడిగితే గుర్తుతెచ్చుకుని రాసినవాళ్ళది పైచేయి. అందుకే నేను ప్రతి క్విజ్‌లో పోయిన వారంది ఒకటి, పోయిన నెలది ఒకటి కలుపుతాను, పిల్లలు మొదట్లో గొణుగుతారు, పట్టించుకోవద్దు.

కహూట్ లాంటి ఆన్‌లైన్ క్విజ్ ఆటల గురించి కూడా ఒక మాట, పిల్లలకి భలే ఇష్టం, నిజమే. కానీ ముందు నొక్కినవాడికి ఎక్కువ పాయింట్లు, స్క్రీన్ మీద ర్యాంకులు, దీనివల్ల నెమ్మదిగా ఆలోచించే పిల్లలు రెండో ప్రశ్నకే చేతులెత్తేస్తారు. కొత్త పాఠానికి వాడకండి. రివిజన్‌కి వాడినా జట్లుగా ఆడించండి, టైము ఎక్కువ పెట్టండి.

ఇక ఫ్రీ సంగతి. ఫ్రీలో మూడు రకాలున్నాయి. యూనివర్సిటీలు, లాభాపేక్ష లేని సంస్థలు నడిపేవి ఒకటి, ఫెట్, ఖాన్ అకాడమీ (పాఠాల వీడియోలు, అభ్యాసాలు ఉండే సైటు) లాంటివి. ఓపెన్ సోర్స్‌వి, అంటే ప్రోగ్రామ్ కోడ్ అందరికీ తెరిచి ఉంచేవి ఒకటి, మూడుల్ (ఆన్‌లైన్ క్లాసు నడిపేది), లిబ్రేఆఫీస్ (డాక్యుమెంట్లు తయారుచేసేది), స్క్రాచ్ (పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకునేది) లాంటివి. మూడోది కంపెనీల ఫ్రీ ప్లాన్, జాగ్రత్త పడాల్సింది దీంతోనే. ఇవాళ ఇంతమంది పిల్లల దాకా ఫ్రీ అంటారు, రేపు ఆ సంఖ్య తగ్గిస్తారు, క్లాసు మధ్యలో సగంమంది లోపలికి రాలేక నిలబడిపోతారు, కాబట్టి ఎంతమంది దాకా పడుతుందో ముందే చూసుకోండి. అసలు టూలే మూసేయడం కూడా ఉంది. గూగుల్ జామ్‌బోర్డ్ అనే ఆన్‌లైన్ తెల్లబల్లని చాలామంది టీచర్లు అలవాటు చేసుకున్నారు, 2024 చివరికి మూసేశారు. పిల్లలు చిన్న వీడియోలతో జవాబిచ్చే మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఫ్లిప్ కూడా అదే ఏడాది విడిగా లేకుండా వాళ్ళ ఆన్‌లైన్ మీటింగుల యాప్ టీమ్స్‌లో కలిసిపోయింది. అందుకని మీ ప్రశ్నలు, బొమ్మలు ఎప్పుడూ మామూలు ఫైల్లో మీ దగ్గర ఒక కాపీ పెట్టుకోండి, టూల్ పోయినా మీ కష్టం పోకూడదు.

పిల్లల వివరాల విషయంలో నేను చాలా పట్టుదలగా ఉంటాను, మీరూ ఉండండి. పూర్తి పేర్లు, పుట్టిన తేదీలు, ఫొటోలు ఏ టూల్‌లోనూ ఎక్కించకండి. ప్లికర్స్‌లో పేరు బదులు రోల్ నంబరు పెడితే సరిపోతుంది. చాలా సర్వీసులు 13 ఏళ్ళ లోపు పిల్లలని సొంతంగా అకౌంట్ తెరవనివ్వవు, వయసు తప్పు చెప్పి తెరిపించడం అసలు చెయ్యొద్దు. పిల్లలకి అకౌంట్ అక్కర్లేని టూల్ దొరికినంతకాలం అకౌంట్ అడిగేదాని జోలికి పోవక్కర్లేదు. తప్పనిసరైతే స్కూల్‌కి, తల్లిదండ్రులకి ముందే చెప్పి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

మొదటి వారం ఇలా చెయ్యండి. ఒక్క క్లాసే ఎంచుకోండి, కార్డులు పంచి, పాఠంతో సంబంధం లేని ఒక సరదా ప్రశ్నతో పట్టుకోవడం నేర్పండి. మర్నాడు పాఠం మధ్యలో ఒకే ఒక ప్రశ్న. ఓటు, మాట్లాడుకోవడం, మళ్ళీ ఓటు, అంతా కలిపి పది నిమిషాల్లో అయిపోవాలి. అది చేతికి అలవాటయ్యాకే సిమ్యులేషన్ జోలికి వెళ్ళండి. ఇప్పుడు ఏ చాప్టర్లో ఉన్నారో, పిల్లలు ఎక్కడ ఎక్కువ తప్పులు చేస్తున్నారో ఇక్కడే రాయండి, దానికి సరిపోయే ప్రశ్నలు, తప్పు ఆప్షన్లతో సహా, కలిసి తయారుచేద్దాం.